పదమూడు కట్టలు, మీద ఎనిమిది బీడీలు

కోరుట్ల బస్టాండు ఎదురుంగ, జిరాక్సు మిషను పక్కన
ఒక కుర్చీ, ఒక కంప్యూటరు,
గోడ మీద రంగు వెలిసిన ప్రపంచం.
పంతొమ్మిదేండ్ల సంది అక్కడే కూసోని
మందిని సముద్రం దాటిస్తున్న.
విమానం రెక్క నీడ కూడ నా మీద పడలేదు.

"ఎంత దూరం సారూ మస్కట్?"
రాజం టికెటు కొంగున ముడేసుకుంట పోసాని అడిగింది.
శంషాబాద్ నుంచి రెండు వేల కిలోమీటర్ల చిల్లర, అన్న.
ఆమె మొఖంల ఏదీ కదలలేదు.
మెట్‌పల్లి దాటినంక
కిలోమీటరు ఆమెకు పనికొచ్చే కొలత కాదు.

"ఎంత సేపు?"
మూడు గంటల ఇరవై నిమిషాలు.
అప్పుడు పెదవులు కదిలినయి.
గంటకు నాలుగు కట్టలు, కట్టకు ఇరవై అయిదు.
కత్తెర ఒరుసుకొని కాయగాసిన బొటనవేలు
కణుపు కణుపు మీద ఆగుకుంట పోయింది.
"పదమూడు కట్టలు, మీద ఎనిమిది బీడీలు.
గంతేనా?"

పొద్దుగాల చాట ముందటేసుకుంటే
అంబటాల్లకే అయిపోయే దేశం.

"మరి కోరుట్ల నుంచి శంషాబాద్?"
బస్సుకు ఆరు గంటలు.
ఇరవై నాలుగు కట్టలు.
మూడు గంటల ముందే పోయి వరుసల నిలబడాలె.
ఇంకో పన్నెండు.
పోసాని నవ్వింది.
"మొగులు దగ్గర్నే ఉన్నది సారూ, భూమే దూరం."

పోయిందనుకున్న. మళ్ల వచ్చింది.
"ఆరూ పదికి లేస్తదట, ఎనిమిదికి దిగుతదట.
నీ కాయిదమే చెప్తున్నది.
నడుమ గంటన్నర ఎవడు తీసిండు?"

పేపర్‌వెయిటును భూమిని చేసిన,
సెల్లు లైటును సూర్యుణ్ని చేసిన,
అక్కడ పొద్దు ఆలస్యంగ పొడుస్తదని చూపిచ్చిన.
విన్నది.
కార్ఖానల మేటు చాటల చెయ్యి పెట్టి
మూతి సక్కగ లేదని కట్టలు తీసి పక్కకేస్తుంటే
ఎట్ల చూస్తదో అట్ల చూసుకుంట విన్నది.
"అంటే ఆరు కట్టలు ఛాట్ కొట్టిన్రు.
మళ్ల ఇస్తరా?"
వాపసు వచ్చేటప్పుడు కలుపుతరు, అన్న.
"అయితే తప్పకుంట రావాలె" అన్నది,
నాతోటి కాదు.

రెండేండ్ల నాలుగు నెలలకు
రాజం వాపసు టికెటు నేనే తీసిన.
అక్కడ తొమ్మిదికి లేవాలె, ఇక్కడ రెండుకు పది తక్కువల దిగాలె.
పోసాని పదింటికే చాట సంకల పెట్టుకొని
నా దుకాణం బల్ల మీద కూసున్నది.
తెర మీద విమానం బొమ్మ ఉన్న కాన్నే ఉన్నది.
పన్నెండు. లేవలేదు.
ఒంటిగంట. లేవలేదక్కా.
జిరాక్సుకు వచ్చిన కాలేజి పోరగాళ్లు
తంబాకు ఘాటుకు తుమ్మిన్రు.
మూడున్నరకు గాని చక్రం మీదికెళ్లి లేవలేదది.

సముద్రం మీద గీత పడ్డది.
"వంకరున్నదేంది?"
భూమి గుండ్రం కద, అన్న.
"దారం వదులైనట్టున్నది" అని
తన చేతిల దారాన్ని ఒకసారి బిగించింది.

కట్టలు లెక్క తప్పినయి.
పదమూడు ఎప్పుడో దాటినయి.
ఈ ఎక్కువ కట్టలకు ఏ విమానం కూలి ఇస్తదని
నేనే లోపల అనుకున్న గాని ఆమె అనలేదు.

ఏడు కొట్టంగ ఫోను మోగింది.
"దిగిన."
ఒక్క మాట, బల్ల ఈ కొసకు కూడ ఇనవడ్డది.
ఎందుకో నేను లేచి నిలబడ్డ.
ఆమె లేవలేదు.
చేతిలున్న బీడీకి దారం చుట్టి, తెంపి,
గోటితోటి మూతి మడిచి
కట్టల పెట్టింది.
ఒడిల ఆకుముక్కలు దులుపుకొని
చాట నెత్తిమీదికి ఎత్తుకుంట
"ఇంక ఇరవై నాలుగు కట్టలు ఉన్నయి సారూ"
అని లైట్లు పడ్తున్న రోడ్డు మీదికి దిగింది.